అలారం ప్యానెల్ అవుట్‌పుట్‌లకు పని అప్పగించడం ఎలా?

పలాసలో జీడి గొడౌన్‌కి పెట్టిన అలారం ప్యానెల్ హూటర్ మోగిస్తే సరిపోదు. దొంగ షట్టర్ ఎత్తగానే వెనక కళ్లంలో ఫ్లడ్‌లైట్లు వెలగాలి. వాచ్‌మన్ గదిలో బజర్ మోగాలి. యజమానికి ఫోన్ వెళ్లాలి. హూటర్ ఆగిపోయిన తర్వాత కూడా గేటు మీద ఎర్రలైటు మెరుస్తూ ఉండాలి, లేకపోతే పొద్దున్నే తాళం తీసేవారికి రాత్రి అలారం వచ్చిందనే తెలియదు. హూటర్‌కి వేరే టెర్మినల్ ఉంటుంది. మిగతా పనులు చేయించేవి బోర్డు మీద పీజీఎం అని రాసి ఉండే స్క్రూ టెర్మినళ్లు, అంటే మనం ఏ పని చెబితే ఆ పని చేసే అవుట్‌పుట్‌లు. చాలా ఇన్‌స్టాలేషన్లలో ఇవి ఖాళీగానే ఉండిపోతాయి. వాడినచోట కూడా సగం తప్పుగా ప్రోగ్రామ్ అయి ఉంటాయి.

కీప్యాడ్ ముట్టుకునే ముందు

ఒక కాగితం తీసుకుని ప్రతి అవుట్‌పుట్ ఎదురుగా నాలుగు సంగతులు రాయండి. అది ఏ సంఘటనకు పని మొదలుపెట్టాలి? దాన్ని ఆపేది ఏమిటి: టైమరా, కోడ్ కొట్టి అలారం ఆఫ్ చేయడమా, అసలు కారణం పోవడమా? ఏ సంఘటనా లేనప్పుడు అది ఆన్‌లో ఉండాలా, ఆఫ్‌లో ఉండాలా? దానికి తగిలించే వస్తువు ఎన్ని మిల్లీ ఆంపియర్లు లాగుతుంది?

రెండో ప్రశ్న దగ్గరే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. 'అలారం వస్తే లైటు వెలగాలి' అని యజమాని చెప్తాడు, ఎప్పుడు ఆరాలో చెప్పడు. మీరే అడగాలి. ఐదు నిమిషాలకు ఆరిపోవాల్సిన ఫ్లడ్‌లైటుకూ తెల్లారేదాకా మెరవాల్సిన ఎర్రలైటుకూ మొదలు ఒకటే, ముగింపు వేరు. అందుకే ఆ రెండింటినీ ఒకే అవుట్‌పుట్‌కి కట్టకూడదు.

టెర్మినల్‌లో నిజంగా ఏం జరుగుతుంది

చాలా ప్యానెళ్లలో పీజీఎం నుంచి 12 వోల్టులు బయటికి రావు. లోపల ఒక ట్రాన్సిస్టర్ ఉంటుంది. అవుట్‌పుట్ ఆన్ అయినప్పుడు అది ఆ టెర్మినల్‌ని ప్యానెల్ నెగెటివ్‌కి కలుపుతుంది, అంతే. కాబట్టి బజర్ పాజిటివ్ వైరు ఆక్స్ ప్లస్ (ప్యానెల్ ఎప్పుడూ 12 వోల్టుల పాజిటివ్ ఇచ్చే) టెర్మినల్‌కి, నెగెటివ్ వైరు పీజీఎంకి వెళ్లాలి. బజర్‌ని పీజీఎంకీ నెగెటివ్‌కీ మధ్య కట్టి, మోగలేదని బోర్డు పాడైందనుకుని మార్చేసేవాళ్లు ఉన్నారు. బోర్డులో ఏ లోపమూ లేదు, కట్టిన చోటు తప్పు.

మల్టీమీటర్ కూడా అలాగే పెట్టాలి. ఎర్ర ప్రోబ్ ఆక్స్ ప్లస్ మీద, నల్ల ప్రోబ్ పీజీఎం మీద ఉంచండి. ఆన్ అయితే 12 నుంచి 13.8 వోల్టుల దాకా చూపిస్తుంది. అయితే లోడు ఏమీ కట్టని టెర్మినల్ మీద మీటర్ అంకెలు నమ్మలేం. అంతకంటే మేలైన పరికరం మీరే చేసుకోవచ్చు: ఒక ఎల్‌ఈడీకి 1 కిలో ఓమ్ రెసిస్టర్ వరసగా అతికి, రెండు చివరలకు చిన్న క్లిప్పులు తగిలించండి. ఇది లాగేది 10 మిల్లీ ఆంపియర్లే. ఏ పీజీఎం అయినా భరిస్తుంది. ప్రోగ్రామింగ్ అంతా ఈ ఎల్‌ఈడీతో తేల్చుకున్నాకే అసలు వస్తువు కట్టండి.

ఇక బలం సంగతి. ఒకే బోర్డు మీద రెండు పీజీఎంల శక్తి ఒకేలా ఉండకపోవచ్చు. డీఎస్‌సీ కంపెనీ 1832 బోర్డులో మొదటి పీజీఎం 50 మిల్లీ ఆంపియర్లే భరిస్తుంది, రెండోది 300 దాకా. ఎర్రలైటు 150 మిల్లీ ఆంపియర్లు లాగేదయితే మొదటి దానికి నేరుగా కడితే ట్రాన్సిస్టర్ పోతుంది. పోయిన ట్రాన్సిస్టర్ కొన్నిసార్లు షార్ట్ అయిపోయి, లైటు ఎప్పుడూ వెలిగే ఉంటుంది. అప్పుడు ప్రోగ్రామింగ్‌లో ఎంత వెతికినా తప్పు దొరకదు.

రిలే కట్టడం

50 మిల్లీ ఆంపియర్లు దాటే దేనికైనా మధ్యలో 12 వోల్టుల రిలే పెట్టండి. మార్కెట్లో దొరికే చిన్న నీలం రిలే కాయిల్ దాదాపు 400 ఓమ్‌లు ఉంటుంది, అంటే 30 మిల్లీ ఆంపియర్లు. కాయిల్ ఒక కాలు ఆక్స్ ప్లస్‌కి, రెండోది పీజీఎంకి.

కాయిల్ మీద అడ్డంగా ఒక 1ఎన్4007 డయోడ్ తప్పకుండా పెట్టాలి. వెండిగీత ఉన్న కాలు ఆక్స్ ప్లస్ వైపు, గీత లేనిది పీజీఎం వైపు. రిలే ఆఫ్ అయిన క్షణంలో కాయిల్ నుంచి ఎదురు వోల్టేజీ ఎగసి వస్తుంది, దాన్ని మింగేది ఈ డయోడే. అది లేకపోతే కొన్ని నెలలు బాగానే నడిచి ఒకరోజు పీజీఎం చచ్చిపోతుంది. తిప్పి పెడితే అంతసేపు కూడా ఆగదు: మొదటిసారి అవుట్‌పుట్ ఆన్ అవగానే ఆక్స్ ప్లస్ నేరుగా నెగెటివ్‌కి షార్ట్ అవుతుంది. డయోడ్ అతికే ముందు గీత ఎటుందో రెండుసార్లు చూసుకోండి. రెడీమేడ్ రిలే బోర్డు కొంటే డయోడ్ దాని మీదే ఉంటుంది, కానీ ఆ బోర్డు నెగెటివ్ సిగ్నల్‌కి పనిచేసేదేనా అని అడిగి తీసుకోండి. పాజిటివ్ సిగ్నల్ కోరే బోర్డు ఇక్కడ పనికిరాదు.

ప్రోగ్రామింగ్ వరస

ఏ కంపెనీ ప్యానెల్ అయినా వరస ఇదే: ముందు రకం (ఏ సంఘటనకు ఆన్ కావాలి), తర్వాత గుణాలు (ఎలా నడవాలో చెప్పే ఆప్షన్లు), చివర టైమర్. డీఎస్‌సీ 1832తో చెప్పుకుందాం. స్టార్ 8 నొక్కి ఇన్‌స్టాలర్ కోడ్ కొట్టండి. ఫ్యాక్టరీ కోడ్ 5555, పని పూర్తయ్యాక దాన్ని మార్చాలి. 009 సెక్షన్‌లో మొదటి రెండంకెలు పీజీఎం ఒకటికి, తర్వాతి రెండంకెలు పీజీఎం రెండుకి. 05 కొడితే ప్యానెల్ ఆర్మ్ అయినంతసేపూ, అంటే కాపలాలో ఉన్నంతసేపూ, ఆన్‌లో ఉంటుంది, గేటు దగ్గర చిన్న సూచిక లైటుకి ఇది సరిపోతుంది. 09 అంటే ప్యానెల్‌లో లోపం వస్తే ఆన్. 10 ఎర్రలైటు కోసమే ఉద్దేశించినది. ఆ తర్వాత 501లో పీజీఎం ఒకటి గుణాలు, 502లో పీజీఎం రెండు గుణాలు. 170లో టైమర్, సెకన్లలో మూడంకెలు, ఫ్యాక్టరీ విలువ 005.

ఈ వరస తప్పకూడదు. 501లో అన్నీ సరిచేసుకున్నాక మళ్లీ 009కి వెళ్లి రకం మారిస్తే, గుణాలు ఆ రకానికి చెందిన ఫ్యాక్టరీ విలువలకు వెళ్లిపోతాయి. 'నిన్న సరిగా పెట్టాం, ఇవాళ ఉల్టా పనిచేస్తోంది' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. ఇంకొకటి: గుణాల సెక్షన్‌లో ఒక ఆప్షన్ నంబరుకి ఒక రకంలో ఒక అర్థం, మరో రకంలో మరో అర్థం ఉంటుంది. ఒక పీజీఎం ఆప్షన్లను చూసి రెండో దానికి అలాగే ఎక్కించకండి. ప్రోగ్రామింగ్ పట్టికలో ఆ రకం ఎదురుగా ఏముందో చూసి పెట్టండి.

ఎంతసేపు, ఎలా ఆగాలి

అవుట్‌పుట్ నడక నాలుగు తీరులు. వీటిని విడివిడిగా అర్థం చేసుకుంటే మిగతా ప్రోగ్రామింగ్ అంతా సులువు.

మొదటిది, వెంట నడవడం. కారణం ఉన్నంతసేపూ ఆన్, పోగానే ఆఫ్. ఆర్మ్ సూచిక లైటు, లోపం సూచిక ఈ తీరుగా ఉండాలి. పీజీఎం హూటర్ వెంట నడిస్తే, బెల్ టైమ్ (హూటర్ మోగే సమయం) ఐదు నిమిషాలయితే అదీ ఐదు నిమిషాలే.

రెండోది, పల్స్. సంఘటన ఒక్కసారి తట్టి వదిలేస్తుంది, టైమర్‌లో చెప్పిన సెకన్ల తర్వాత అవుట్‌పుట్ తనంతట తాను ఆగిపోతుంది. విడిగా కొనే జీఎస్‌ఎం డయలర్‌కి, అంటే సిమ్ వేస్తే తనంతట తాను ఫోన్ చేసే పెట్టెకి, ఇది కావాలి. కొన్ని డయలర్లు ఇన్‌పుట్ నెగెటివ్‌కి తగిలినంతసేపూ వరసపెట్టి ఫోన్ చేస్తూనే ఉంటాయి. అలాంటిదాన్ని హూటర్ వెంట నడిచే అవుట్‌పుట్‌కి కడితే, ఐదు నిమిషాల పాటు యజమాని ఫోన్ మీద ఫోన్ ఎత్తాల్సి వస్తుంది, వాచ్‌మన్‌కి ఫోన్ చేయడానికి ఆయనకు లైను దొరకదు. 3 నుంచి 5 సెకన్ల పల్స్ చాలు. డయలర్‌కి వేరే అడాప్టర్ ఉంటే దాని నెగెటివ్‌నీ ప్యానెల్ నెగెటివ్‌నీ ఒక వైరుతో కలపాలి. ఆ ఒక్క వైరు మరిచిపోతే ప్రోగ్రామింగ్ ఎంత బాగున్నా ఫోన్ వెళ్లదు.

మూడోది, పట్టి ఉంచడం. ఒకసారి ఆన్ అయితే కోడ్ కొట్టి డిసార్మ్ చేసేదాకా వదలదు. గేటు ఎర్రలైటుకి ఇదే తగినది. పొద్దున్న లైటు మెరుస్తుంటే లోపలికి ఒంటరిగా వెళ్లకూడదని తాళాలు తీసేవారికి ముందే చెప్పి ఉంచండి. ఈ తీరుకు బ్యాటరీ లెక్క కూడా చూడాలి: 150 మిల్లీ ఆంపియర్ల లైటు రాత్రి పది గంటలు మెరిస్తే 1.5 ఆంపియర్ అవర్ ఖర్చు. 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలో అయిదో వంతుకు మించి పోయినట్టే. కరెంటు లేని రాత్రి ఇది చిన్న సంగతి కాదు. 20 మిల్లీ ఆంపియర్ల ఎల్‌ఈడీ సూచిక పెడితే ఆ పది గంటలకూ 0.2 తో పోతుంది.

నాలుగోది, కీప్యాడ్ నుంచి ఇచ్చే ఆజ్ఞ. ఒకసారి నొక్కితే ఆన్, మళ్లీ నొక్కితే ఆఫ్ అన్నట్టూ పెట్టొచ్చు, పల్స్‌గానూ పెట్టొచ్చు. కళ్లంలో లైట్లకు మొదటిది. గేటు మోటారుకి మాత్రం ఒక సెకను పల్స్ పెట్టాలి. మోటారుకి కావాల్సింది బటన్ నొక్కి వదలడం, పట్టి ఉంచడం కాదు.

అన్ని అలారాలకూ ఒకే లైటా?

విజయనగరం గంటస్తంభం దగ్గర బంగారం షాపుకి ప్యానెల్ పెడుతున్నారనుకోండి. కౌంటర్ కింద కాలితో తొక్కే పానిక్ స్విచ్ ఉంటుంది. ఆ జోన్‌ని (ప్యానెల్‌లో ఆ స్విచ్ కట్టిన ఇన్‌పుట్‌ని) సైలెంట్‌గా పెట్టి హూటర్ మోగకుండా చూసుకుంటారు. కానీ ఫ్లడ్‌లైటు అవుట్‌పుట్ 'ఏ అలారం వచ్చినా' అన్న రకంలో ఉంటే, స్విచ్ తొక్కగానే షాపు ముందు లైట్లన్నీ వెలుగుతాయి. లోపల కత్తి పట్టుకుని నిలబడ్డవాడికి విషయం తెలిసిపోతుంది. ఇది ప్రాణాల మీదకి వచ్చే తప్పు. గుణాల్లో దొంగతనం, అగ్ని, పానిక్ అని విడివిడిగా ఎంచుకునే వీలున్న ప్యానెళ్లలో లైట్లకూ ఎర్రలైటుకూ పానిక్ తీసేయండి. పానిక్‌కి డయలర్ అవుట్‌పుట్ ఒక్కటే మిగలాలి. తర్వాత నిజంగా స్విచ్ తొక్కి, రోడ్డు మీద నిలబడి ఏదీ వెలగలేదని కళ్లతో చూసుకోండి. కీప్యాడ్ బజర్ కూడా కిక్కురుమనకూడదు.

అదే ఊళ్లో ఇంకో ఇబ్బంది ఉంది. దసరా తర్వాతి మంగళవారం సిరిమానోత్సవానికి మూడు లాంతర్లు నుంచి కోట దాకా డప్పులు, జనం. దగ్గరి షట్టర్లకు బిగించిన వైబ్రేషన్ సెన్సార్లు ఊరికే అలారం ఇచ్చేస్తాయి. సెన్సార్‌ని తీసేయడం దీనికి మందు కాదు. వైబ్రేషన్ జోన్‌ని షాపు ముందు లైటుకీ డయలర్‌కీ పరిమితం చేయండి. హూటర్‌ని షట్టర్ మ్యాగ్నెట్‌కీ లోపలి మోషన్ సెన్సార్‌కీ వదిలేయండి. దీనికి జోన్ వారీగా అవుట్‌పుట్ కేటాయించే ప్యానెల్ కావాలి, కొనేటప్పుడే అడగండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్దానికి 2000 నాటి నియమాల్లో ఉన్న హద్దులను దృష్టిలో పెట్టుకునైనా, హూటర్‌ని ఐదు నిమిషాలకు మించి మోగనివ్వకండి. వీధి మొత్తాన్ని నాలుగుసార్లు ఊరికే లేపిన హూటర్ ఐదోసారి నిజంగా మోగినా ఎవరూ బయటికి రారు.

ఉల్టా అవుట్‌పుట్, దాని ఖర్చు

మామూలుగా ఆన్‌లో ఉండి, సంఘటన వస్తే ఆఫ్ అయ్యేలా అవుట్‌పుట్‌ని తిప్పి పెట్టొచ్చు. వైరు కోసినా, ప్యానెల్ పూర్తిగా చచ్చిపోయినా అలారంలాగే లెక్క కావాలంటే ఇలా పెడతారు. సొంత బ్యాటరీ ఉన్న బయటి హూటర్‌కి ఇది సరైన పద్ధతి. ప్యానెల్ నుంచి వోల్టేజీ ఉన్నంతసేపూ అది ఊరుకుంటుంది, ఆగితే మోగుతుంది.

అన్నిచోట్లా ఇదే మంచిదని అనుకోవద్దు. శ్రీకాకుళం జిల్లాలో గాలివానకు కరెంటు పోవడం మామూలే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. ఎప్పుడూ పట్టి ఉండే రిలే ఆ సమయంలో ఎంత తింటుందో చూద్దాం. ప్యానెల్ 100, కీప్యాడ్లు 100, పది మోషన్ సెన్సార్లు 120, డయలర్ 50, మొత్తం 370 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం. 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలో వాడుకోదగినది 5.6గా తీసుకుంటే 15 గంటలు వస్తుంది. ఒక రిలే పట్టి ఉంటే 400 అవుతుంది, 14 గంటలు. రెండు రిలేలయితే 13. ఒక్కో ఉల్టా రిలే ఒక్కో గంట తీసుకుంటోంది. బ్యాటరీ అయిపోయాక ఉల్టా అవుట్‌పుట్‌కి కట్టిన హూటర్ దానంతట అదే మోగుతుంది, ఆ తుపాను రాత్రి దాన్ని ఆపేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకే ఫ్లడ్‌లైట్లనీ బజర్‌నీ ఎప్పుడూ ఉల్టాగా పెట్టకండి.

తలుపు మ్యాగ్‌లాక్ (కరెంటు ఉన్నంతసేపూ తలుపుని పట్టి ఉంచే అయస్కాంత తాళం) వేరే సంగతి. 280 కిలోల మ్యాగ్‌లాక్ 12 వోల్టుల మీద దాదాపు 500 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, ఇది ప్యానెల్ ఆక్స్ మీద పెట్టాల్సిన వస్తువే కాదు. దానికి వేరే పవర్ సప్లై ఇచ్చి, ఆ పవర్‌ని రిలే ఎన్‌ఓ కాంటాక్ట్ (రిలే పట్టినప్పుడే కలిసేది) గుండా పంపి, రిలేని మామూలుగా పట్టి ఉంచండి. అగ్ని అలారం వస్తే రిలే వదలాలి, తలుపు తెరుచుకోవాలి. ఇక్కడ మాత్రం బ్యాటరీ ఖర్చు చూడకూడదు. లోపల జీడిపప్పు పీలింగ్ చేసే ఆడవాళ్లు పదుల మంది ఉంటారు. దారి తెరుచుకోవడం ముఖ్యం.

పొగ సెన్సార్ల రీసెట్

నాలుగు వైర్ల పొగ సెన్సార్ ఒకసారి అలారం ఇస్తే తనంతట తాను మామూలు స్థితికి రాదు. కొన్ని సెకన్లు దాని పవర్ తీసి మళ్లీ ఇవ్వాలి. సెన్సార్ నెగెటివ్‌ని పీజీఎం గుండా పంపి, ఆ పీజీఎంని సెన్సార్ రీసెట్ రకంలో పెట్టండి, డీఎస్‌సీలో అది 03. ఇది మామూలుగా ఆన్‌లో ఉండి, రీసెట్ ఆజ్ఞకు 5 సెకన్లు ఆఫ్ అవుతుంది. నాలుగైదు సెన్సార్లు ఉంటే వాటి మొత్తం మిల్లీ ఆంపియర్లు కూడి, బలమైన పీజీఎంకే కట్టండి. జీడి గింజలు కాల్చే, ఉడికించే షెడ్డులో పొగ సెన్సార్ వద్దు, వేడి సెన్సార్ పెట్టండి. పొగ సెన్సార్లు గొడౌన్‌కే.

230 వోల్టుల లైట్లు

ఫ్లడ్‌లైట్ల వైరు ప్యానెల్ డబ్బాలోకి రానివ్వకండి. రిలేని, కాంటాక్టర్‌ని (ఎక్కువ కరెంటు తట్టుకునే పెద్ద రిలే) వేరే డబ్బాలో, 6 ఆంపియర్ల ఎంసీబీతో పెట్టండి. తెగ్గొట్టాల్సింది ఫేజు, న్యూట్రల్ కాదు. నాలుగు 100 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు లాగేది 2 ఆంపియర్లలోపే, అయినా వెలిగే క్షణంలో డ్రైవర్లు దానికి ఎన్నో రెట్లు లాగుతాయి. ఆ దెబ్బకి చిన్న రిలే కాంటాక్టులు అతుక్కుపోయి లైటు ఆరదు. రెండు లైట్లు దాటితే చిన్న రిలేతో కాంటాక్టర్‌ని నడిపించి, కాంటాక్టర్‌తో లైట్లు వెలిగించండి. కాంటాక్టర్ కాయిల్ 230 వోల్టులదయితే రిలే కాంటాక్ట్ కూడా ఆ వోల్టేజీకి తగినదై ఉండాలి.

పగటి అలారానికి వెలగకూడదంటే డే-నైట్ సెన్సార్‌ని రిలే కంటే ముందు పెట్టండి. దానికి ఫేజు ఎప్పుడూ అందుతూ ఉండాలి, దాని అవుట్‌పుట్ రిలే కాంటాక్ట్‌కి వెళ్లాలి. వరస తిరగేస్తే అలారం వచ్చాకే సెన్సార్‌కి పవర్ అందుతుంది, చీకటిని గుర్తించడానికి దానికి మరికొన్ని సెకన్లు కావాలి. ఆ సెకన్లలో దొంగ గోడ దూకేస్తాడు.

పరీక్ష

హూటర్ వైర్లు తీసి, బెల్ టెర్మినళ్ల మీద ప్యానెల్ కోరే రెసిస్టర్ పెట్టండి. డీఎస్‌సీకి 1 కిలో ఓమ్. లేకపోతే ప్యానెల్ హూటర్ లోపం చూపిస్తూ ఉంటుంది, లోపం అవుట్‌పుట్‌ని పరీక్షించడం కుదరదు. ప్రతి పీజీఎంకీ ఎల్‌ఈడీ క్లిప్ తగిలించి, కాగితం మీద రాసిన ప్రతి సంఘటననూ నిజంగా జరిపించండి: ఆర్మ్ చేసి షట్టర్ ఎత్తడం, పానిక్ తొక్కడం, సెన్సార్ మూత తీయడం. ఆన్ అయిందా అన్నదే కాదు, ఎప్పుడు ఆగిందో గడియారం పెట్టి చూడండి. ఎంట్రీ టైమ్ (తలుపు తీశాక కోడ్ కొట్టడానికి ప్యానెల్ ఇచ్చే గడువు) నడుస్తుండగా ఏదీ వెలగకూడదు.

తర్వాత మెయిన్ స్విచ్ ఆపి బ్యాటరీ మీదే ఒకసారి అన్నీ తిరిగి చేయండి. ఆ తర్వాత బ్యాటరీ కూడా పీకి, ఒక నిమిషం ఆగి, పవర్ ఇవ్వండి. ప్యానెల్ లేచేటప్పుడు కొన్ని పీజీఎంలు ఒక క్షణం మెరిసి ఆరతాయి. లైటుకయితే ఫర్వాలేదు. గేటు మోటారుకి కట్టి ఉంటే మాత్రం ఆ ఒక్క మెరుపు చాలు, కరెంటు వచ్చిన ప్రతిసారీ గేటు తెరుచుకుంటుంది. అలా జరిగే పీజీఎం నుంచి గేటుని తీసి ఇంకో దానికి మార్చండి, లేదా మధ్యలో ఆన్-డిలే టైమర్ రిలే పెట్టండి.

లోపం అవుట్‌పుట్‌కి వాచ్‌మన్ బజర్ కట్టి ఉంటే, మెయిన్ కరెంటు పోయినప్పుడు వెంటనే మోగకుండా 30 నిమిషాలో, గంటో ఆలస్యం పెట్టండి. రోజుకి మూడుసార్లు కరెంటు పోయే ఊళ్లో ఆలస్యం లేని బజర్‌ని వారంలోపే ఎవరో ఒకరు వైరు పీకేస్తారు, బ్యాటరీ పోయిన రోజు అది మోగదు.

చివరగా, ఏ పీజీఎంకి ఏది కట్టారు, ఏ రకం, ఏ గుణాలు, టైమర్ ఎంత, రిలే ఎక్కడుంది అన్నవి శుభ్రంగా రాసి ప్యానెల్ మూత లోపల అంటించండి. వైర్లకు నంబరు రింగులు వేయండి. కోడ్‌లు మాత్రం ఆ కాగితం మీద రాయకండి. వాటిని యజమానికి విడిగా ఇవ్వండి.